ఎవరివీ కాని రాళ్ళు

పోయిన నెల కుప్పంలో మా అక్క మనవరాలి పెళ్ళికని మదనపల్లె నుంచి అద్దెకారులో ఒక్కదాన్నే బయలుదేరాను. పుంగనూరు దాటి కొంతదూరం పోయాక, నేను కిటికీకి తల ఆనించి కునుకు తీస్తూండగా, డ్రైవరు ఉన్నట్టుండి బండిని కుడివైపుకు తిప్పాడు. ఉలిక్కిపడి చూస్తే రోడ్డుకు ఎడమపక్కన తలకాయంతేసి రాళ్ళు ఓ ఇరవై వరసగా ఉన్నాయి. వాటి వెనక గింజలేమీ లేవు. ఎండబోసుకున్నవాళ్ళు ఎత్తుకుపోయినట్టున్నారు, రాళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయాయి. బండి ఆపమని దిగి, మోకాళ్ళ నొప్పితోనే రెండు రాళ్ళను కాలితో పక్కకు తోశాను, మూడోది నా వల్ల కాలేదు. “యాల మేడమ్ మీకీ పని? రేపు ఇంకొకరికి కావాల గదా, ఉండనీండి,” అన్నాడు డ్రైవరు, పెద్దావిడకు చాదస్తం అనుకున్నాడేమో, కొంచెం నవ్వుతూ. నేను వచ్చి కారులో కూర్చున్నాను గాని కుప్పం చేరేదాకా మళ్ళీ కునుకు పట్టలేదు.

మన ఈడు వాళ్ళకు ఈ రాళ్ళ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మా మెట్ట పల్లెల్లో కళ్ళం చేసుకునేంత చదునైన చోటు అందరికీ ఉండదు కనుక, తారురోడ్డు వచ్చిన నాటి నుంచీ అదే ఊరందరి కళ్ళం అయింది. పీకిన ఉలవ చెట్లను రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. ఆ గింజను ఒక పక్కకు లాగి ఎండబోసి, చక్రాలు దాని మీదికి ఎక్కకుండా రాళ్ళు పేరుస్తారు. ఆ రాళ్ళను గుట్ట దగ్గర నుంచి మోసుకురావాలంటే నడుములు పోతాయి. అందుకని ఒక ఇంటివాళ్ళ గింజలు ఎండి ఎత్తుకున్నాక రాళ్ళను తీయరు, తర్వాతి ఇంటివాళ్ళకు పనికొస్తాయని అక్కడే ఉండనిస్తారు. తీసి గట్టున పారేస్తే ఎంత ఓర్వలేనివాడో చూడండని పదిమందీ ఆడిపోసుకుంటారు. మా ఊళ్ళో అది ఇరుగుపొరుగు మర్యాద, నేనూ ఆ మర్యాద చూస్తూనే పెరిగాను.

నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో మదనపల్లె కోర్టులో ఆడవకీలు అంటే వింతే. కక్షిదారులు నన్ను చూసి టైపు కొట్టే అమ్మాయి అనుకుని కాగితాలు చేతికిచ్చి, వకీలు గారు ఎప్పుడొస్తారమ్మా అని అడిగేవాళ్ళు. మా సీనియరు బల్ల ముందు కూర్చోబెట్టి ఏదీ నేర్పలేదు. ఆయన పాఠమంతా సాయంత్రం కోర్టు నుంచి ఆఫీసుకు నడిచొచ్చే దారిలోనే. మార్కెట్టు గేటు దగ్గర ఎవరో పారబోసిన కుళ్ళిన టమోటాలను గొడుగు మొనతో చూపించి, ఈ పారబోసినవాడు ఎవరిని తలుచుకుని ఆగి ఉండవలసింది, ఎవరైనా ఇక్కడ జారిపడితే అది వీటి వల్లేనా లేక పడినవాడి చెప్పులు అరిగినందువల్లా, వాడూ కొంత చూసుకుని నడవవలసింది కాదా అని ఒకదాని వెంట ఒకటి అడుగుతూ నడిచేవారు. చట్టం మనిషిని మహానుభావుడుగా ఉండమని అడగదనీ, మామూలు బుద్ధి గల మనిషి పడే జాగ్రత్త పడితే చాలంటుందనీ, కాకపోతే ఆ జాగ్రత్త మనకు తెలిసినవాళ్ళ కోసమే కాక, మనం ఎన్నడూ చూడని, ఆ దారిన రాబోయే మనిషి కోసం కూడా పడమంటుందనీ ఆయన చెప్పేవారు. పరీక్షకు చదివినప్పుడు ఈ చివరి మాట నాకు పెద్ద మాటగా అనిపించలేదు, జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నాను.

మా ఆఫీసుకు వచ్చేవన్నీ గట్టు తగాదాలూ భాగపంపకాలే గాని, అజాగ్రత్త మీద నష్టపరిహారం అడిగే దావాలు ఏళ్ళ తరబడి ఒకటీ వచ్చేవి కావు. అలాంటి రోజుల్లో పుంగనూరు నుంచి ఒక టైలరు, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద, తర్వాత్తర్వాత ఆయన్ను నేను టైలరన్న అనే పిలిచాను కనుక ఇక్కడా అలాగే అంటాను. మదనపల్లెలో గుడ్డలు కొనుక్కుని సాయంత్రం మసక వెలుతురులో మోపెడ్ మీద ఇంటికి పోతుంటే, పుంగనూరు ఇంకా రెండు మైళ్ళుందనగా రోడ్డు మీద రాయి తగిలి పడ్డాడు. కుడి మోచెయ్యి నుజ్జయింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు ముడుచుకోవు, కత్తెర పట్టలేడు. దానికి తోడు, ఎవడు పుట్టించాడో గాని, ఆ రోజు ఆయన తాగి పడ్డాడని బజారంతా పుకారు. ఆ మనిషి జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. “సెయ్యి పొయ్యింది, సరే. తాగి పడినోడంటే గుడ్డ ఎవురిస్తారమ్మా నాకు?” అని ఆయన అడిగినప్పుడు, పక్కనే ఉన్న ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయనకు కావలసింది ప్రధానంగా అదే, తప్పు తనది కాదని ఒక పెద్దమనిషి కాగితం మీద రాసివ్వాలి.

లారీ గుద్దివుంటే దారి వేరేగా ఉండేది, లారీకి బీమా ఉంటుంది, అలాంటివాటికి వేరే కోర్టు ఉంది. రాయికి బీమా ఎక్కడుంటుంది? ఆ రాయి పెట్టినవాడెవడో, తీయనివాడెవడో మనమే పట్టుకుని రుజువు చేయాలి. ఆ రోజు మధ్యాహ్నం దాకా అక్కడ ఉలవలు ఎండబోసుకున్న రైతు ఫలానా అని తెలిసింది కనుక సీనియరు అతని మీద దావా వేయించారు. అతను జవాబు దాఖలు చేస్తూ, నేను గింజలు ఎత్తుకుపోయిన మాట నిజమే, రాళ్ళు నావి కావు, నేను రాకముందే ఉన్నాయి, ఆ టైలరు బండికి లైటు సరిగా లేదు, చూసుకోకుండా వచ్చి పడ్డాడు అన్నాడు. ఆ రైతు పల్లె మా పల్లే. అందుకే సీనియరు, నీకైతే నోరు విప్పుతారు, పోయి ఆ రాళ్ళ సంగతి తేల్చుకురా అని నన్ను పంపించారు.

ఆ ఊళ్ళో మా చిన్నాన్న ఉన్నాడు. మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడు పోతే, తనకు పిల్లలు లేరన్న వంకతో నన్ను దగ్గర పెట్టుకుని, ఆ రెండెకరాల మెట్ట మీదే నన్ను తిరుపతిలో లా చదివించిన మనిషి. నేను పోయేసరికి చిన్నమ్మ రాగిసంగటి కెలుకుతోంది, పొయ్యి మీద ఉలవచారు మరుగుతోంది. ఇద్దరికీ కోర్టంటే ఏమిటో తెలియదు గాని నేను అక్కడ పెద్ద పని చేస్తానని నమ్మకం. భోజనం దగ్గర నేను రాళ్ళ మాట ఎత్తానో లేదో, చిన్నాన్న ఏ దాపరికమూ లేకుండా చెప్పేశాడు. “ఆ రాళ్ళు మనవే పాపా. నేనే గుట్ట కాడ నుంచి తెచ్చి పెట్టింటి. మన గింజ ఎండినాక వానికి ఇస్తిమి. మబ్బు పట్టిందని వాడు పగలే ఎత్తుకునేస్తా తీసేద్దామంటే, మాది ఇంగో బండెడుండాది, ఉండనీ అనింది మీ సిన్నమ్మ.” చిన్నమ్మ కూడా అవునవునంది, అందులో తప్పేముందో ఆవిడకు తెలియదు, మర్నాటి గింజ కోసం అడిగింది, పక్కింటాయన మాట కాదనలేదు.

మా సీనియరు దారిపొడుగునా చెప్పిన పాఠమంతా అక్కడ ఆ సంగటి ముద్ద ముందు కూర్చుని నాకు అర్థమైంది. మా ఊరివాళ్ళు జాగ్రత్త లేనివాళ్ళు కాదు, ఒకరి నడుము నొప్పి గురించి ఒకరు ఆలోచించేవాళ్ళే. కాకపోతే వాళ్ళ ఆలోచన ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయింది, మసక వెలుతురులో మోపెడ్ మీద వచ్చేవాడు అందులో లేడు. నేను ఈ సంగతి చెప్తే టైలరన్న దావా నిలబడుతుంది. దాంతోపాటు మా చిన్నాన్న కూడా ప్రతివాది అవుతాడు, ఆ రెండెకరాలూ జప్తులోకి వస్తాయి.

చిన్నాన్న భయపడలేదు, భయపడింది నేను. “నేనొచ్చి సెప్తాలే పాపా, ఆయప్ప సెయ్యి పొయ్యింది గదా, దాంట్లో దాసేదేముండాది,” అన్నాడు. వద్దన్నాను. ఎవరడిగినా నోరు మెదపొద్దనీ, కోర్టు సంగతులు నీకు తెలియవనీ, అంతా నేను చూసుకుంటాననీ గట్టిగా చెప్పాను. ఆయన, సరే, సదువుకున్నదానివి నువ్వు, నీకు తెలిసినట్ల సెయ్యి అని చెయ్యి కడుక్కున్నాడు. నేను మదనపల్లెకు తిరిగొచ్చి, ఎవరూ చెప్పడం లేదండీ, రాళ్ళు ఎవరివో ఊళ్ళో ఎవరికీ తెలియదట అని సీనియరుతో అన్నాను. ఆయన నన్ను రెండోమాట అడగలేదు.

విచారణ రెండేళ్ళు సాగింది. ప్రతివాది రైతు బోనెక్కి, రాళ్ళు నావి కావు అన్న మాట మీదే నిలబడ్డాడు గాని, మరి ఎవరివయ్యా అని మా సీనియరు ఎంత గుచ్చి అడిగినా మా చిన్నాన్న పేరు మాత్రం ఎత్తలేదు. తను తేలిగ్గా బయటపడే దారి అదేనని తెలిసీ పొరుగింటి పేరు చెప్పలేదు. నేను సీనియరు పక్కన కూర్చుని ఆ వాంగ్మూలమంతా నోట్సు రాసుకున్నాను. నా చేతిరాత ఆ రోజుల్లో ముత్యాల్లా ఉండేదనేవాళ్ళు, ఆ పేజీలు మాత్రం తర్వాత నేనే చదవలేకపోయాను.

దావా కొట్టేశారు. రోడ్డు మీద రాళ్ళు ఉన్న మాట నిజమేనట, అవి ప్రతివాదివని గాని ఫలానా మనిషివని గాని రుజువు కాలేదట. వాది మసక వెలుతురులో మందమైన లైటుతో వస్తూ తగినంత జాగ్రత్త పడలేదు గనుక పడ్డాడని కూడా తీర్పులో ఒక వాక్యం ఉంది. సీనియరు దాన్ని తెలుగులో చెప్తుంటే టైలరన్న తల వంచుకుని విన్నాడు. కడపటి వాక్యం దగ్గర మాత్రం తలెత్తి, “అంటే నేనే సూసుకోకుండా పడినానని రాసినారా సార్?” అని అడిగాడు. తర్వాత తీర్పు నకలును ఎడమ చేత్తో మడిచి సంచిలో పెట్టుకుని, నావైపు తిరిగి ఆ ఎడమ చెయ్యే గుండెకు ఆనించి నమస్కారంలాంటిది చేశాడు. నాకు ఎక్కడ చూడాలో తెలియక గోడ మీది క్యాలెండరు చూశాను.

అప్పీలు చేసే ఓపిక వాళ్ళకు లేదు. ఆవిడ మిషను తొక్కడం నేర్చుకుంది, ఆయన పక్కన నిలబడి ఎడమ చేత్తో సుద్దగీతలు గీసి ఇచ్చేవాడు, కొన్నాళ్ళు ఆ గీతలు వంకర పోయేవి. నేను రవికలన్నీ పుంగనూరుకే తీసుకుపోయి వాళ్ళ దగ్గరే కుట్టించుకునేదాన్ని. మదనపల్లెలో టైలర్లు లేరా అని మా ఇంటాయన ఎగతాళి చేసేవారు. పోయిన ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకునేదాన్ని, ఆయన టేపు మెడలో వేసుకుని బాగుండారా లాయరమ్మా అని ఎదురొచ్చేసరికి కొలతల మాట మొదలుపెట్టేదాన్ని. రవికలు తీసుకుని వచ్చేసేదాన్ని.

ఆ తర్వాత నా వకాల్తాలో అజాగ్రత్త కేసులు చాలానే నడిపాను. మూత వేయని గుంతలు, కూలిన ప్రహరీలు, తెగి వేలాడిన కరెంటు తీగలు. గెలిచినవే ఎక్కువ. చేయవలసింది చేయకపోవడం కూడా తప్పేనని ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు. నా సంగతికొస్తే మాత్రం, మాట్లాడకపోవడం మీద ఎవరూ దావా వేయలేరు కదా అని నాకు నేనే ఒక సెక్షను రాసుకుని దాని కింద తలదాచుకునేదాన్ని. నిజానికి నేను మాట్లాడకుండా ఊరుకోలేదు. మాట్లాడతానన్న మనిషి నోరు మూయించాను, నన్ను నమ్మిన సీనియరుతో అబద్ధమాడాను. దానికి అజాగ్రత్త అన్న పేరు చాలా చిన్నది. ఇన్నేళ్ళుగా అలసటగా ఉంటోందని నేను చెప్పుకునేదాన్లో వయసు వాటా ఎంతో, దీని వాటా ఎంతో నేను తేల్చుకోలేను.

చిన్నమ్మ ముందే పోయింది, పదేళ్ళ కిందట చిన్నాన్న పోయాడు. దినాలు అయిన మర్నాడు నేరుగా పుంగనూరు పోయి టైలరన్న ఇంటి ముందు దిగాను. రవికల సంచి లేకుండా వచ్చానని ఆయన వింతగా చూశాడు. ఎప్పుడో తయారు చేసుకున్న మాటలన్నీ మరిచిపోయి, అన్నా, ఆ రాళ్ళు మా చిన్నాన్నవి, నాకు ఆ రోజే తెలుసు, నేనే దాచాను అని ఒక్క గుక్కలో చెప్పి నిలబడ్డాను.

“తెలుసమ్మా,” అన్నాడు టైలరన్న, నన్ను కుర్చీలో కూర్చోమని చూపిస్తూ. “కేసు కొట్టేసిన మూడోనాడే మీ సిన్నాన్న వచ్చినాడు. ఈడనే గడప మింద కూసోని, రాళ్ళు మావప్పా అని ఏడ్సినాడు. ఆ పొద్దు నుంచి ఏటేటా మూటెడు ఉలవలు తెచ్చి పెట్టి పొయ్యేవాడు. వద్దంటే వినేవాడు కాదు.”

మరి నాతో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. “పాపకు తెలీనీవద్దు, సిన్నబోతాది, నా కోసరమే సేసింది అని నా సేత మాట తీసుకున్నాడు. ఆయప్ప ఉండంగా నేనెట్ల సెప్తాను?” అన్నాడు.

చిన్నాన్న ఆ తర్వాత ప్రతి ఏడూ పంట రోజుల్లో, రోడ్డు మీద రాళ్ళు ఎవరివైనా సరే, పొద్దు గూకకముందే పోయి ఒక్కొక్కటే గట్టుకు దొర్లించి, తెల్లారి అడిగినవాళ్ళకు మళ్ళీ తనే పెట్టిచ్చేవాడని చిన్నమ్మ విసుక్కునేది. నేను దాన్ని ముసలితనపు చాదస్తం అనుకునేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుని ఏడుస్తుంటే అదంతా గుర్తుకొచ్చింది. టైలరన్న నన్ను ఓదార్చలేదు, ఆ అవసరం ఉందని ఆయన అనుకున్నట్టూ లేదు. నెమ్మదిగా ఒక మాట మాత్రం అన్నాడు. “నువ్వు సెప్పింటే మాత్రం నా సెయ్యి తిరిగొస్తాదా, రాదు లేమ్మా. తాగి పడినోడు కాదు, సూసుకోకుండా పడినోడు కాదు అని ఒక కాయితం మింద ఉండింటే సాలు నాకు. అది మీ సిన్నాన్న సేతిలో లేదు, నీ సేతిలోనే ఉండె.” అందులో కోపం కూడా లేదు. ఆవిడ లోపలి నుంచి కాఫీ తెచ్చిస్తే తాగి వచ్చాను.

ఇప్పుడు కాలం మారింది. దెబ్బ తగిలినవాడు, తగిలించినవాడి మొహమైనా చూడకుండా బీమా కంపెనీల కాగితాల మీదే అంతా తేలిపోతోంది. మంచిదే, మా టైలరన్న లాగా ఒక్క వాక్యం కోసం రెండేళ్ళు కోర్టు మెట్లెక్కే బాధ ఇప్పటివాళ్ళకు చాలావరకు తప్పింది. ఇప్పటి కుర్ర వకీళ్ళు మాకన్నా తెలివైనవాళ్ళు, వాళ్ళ మొదటి సలహా మాత్రం నేను ఆ రోజు మా చిన్నాన్నకు ఇచ్చిందే, ఏదీ ఒప్పుకోవద్దు అని. గడప మీద కూర్చుని తప్పు నాదప్పా అని ఏడ్చే మనిషి నాకు ఈ మధ్య కనబడలేదు, కనబడితే ఆ మనిషికి నేనేం సలహా ఇస్తానో కూడా నాకు తెలియదు. సీనియరు లేరు, చిన్నాన్న లేడు, టైలరన్న కూడా నిరుడు పోయాడు. ఎదుటి మనిషి కోసం పడవలసిన జాగ్రత్త ఎంత అన్నది కోర్టుల్లో చెప్పుకుంటూనే నేను నలభై ఏళ్ళు బతికాను. ఒకడు చెయ్యి పోగొట్టుకున్నవాడూ, ఒకడు ఆ పాపాన్ని మోసినవాడూ కలిసి, నేను చిన్నబోకూడదని ముప్ఫై ఏళ్ళ పాటు నాకు తెలియకుండా జాగ్రత్త పడ్డారు. అలా నా గురించి జాగ్రత్త పడేవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.